చేతులు వణికితే గ్లూకోజు సీసా ఎందుకండీ?

కోనసీమలో కొబ్బరి దింపు తీసేవాళ్ళు, నాట్లకు వెళ్ళే ఆడవాళ్ళు నా ఓపీకి వచ్చి అడిగేది ఒకటే: "నీరసంగా ఉందండి, ఒక సీసా ఎక్కించెయ్యండి." కండరం ఎలా అలుస్తుందో తెలిస్తే ఆ మాట అడగరని నా నమ్మకం.

అపోహ: కండరం అలిసిందంటే అందులో శక్తి మొత్తం అయిపోయినట్టే.

వాస్తవం: అయిపోకముందే కండరం జాగ్రత్త పడుతుంది. దింపు తీసే ఒకాయన చేతికి రబ్బరు బంతి ఇచ్చి ఆపకుండా పిసకమన్నాను. మొదట బంతి పూర్తిగా అణిగిపోయేది. కాసేపటికి వేళ్ళు వణికాయి, ముంజేతి మీద రక్తనాళాలు ఉబ్బాయి, బంతి మాత్రం సగం కూడా నొక్కుకోలేదు. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోమన్నాను. ఏమీ తినకుండానే, తాగకుండానే పట్టు చాలావరకు తిరిగొచ్చింది.

కండర కణం గోడలో పొటాషియం బయటకు పోయే దారులు ఉంటాయి. వాటిలో ఒక రకం కేఏటీపీ ఛానెళ్ళు. వీటిని 1983లో జపాన్ శాస్త్రవేత్త అకినోరి నోమా గుండె కండరంలో గుర్తించారు. రెండేళ్ళకు కప్ప ఒంటి కండరాల్లోనూ కనిపించాయి. కణంలో ఏటీపీ (కణం ఖర్చుపెట్టుకునే శక్తి సరుకు) నిండుగా ఉన్నంతసేపు ఇవి మూసుకునే ఉంటాయి. పని మించిపోయి ఏటీపీ తగ్గి, ఏడీపీ (ఏటీపీ ఖర్చయ్యాక మిగిలేది), ఆమ్లత పెరిగితే తెరుచుకుంటాయి. అప్పుడు పొటాషియం బయటకు పోతుంది, నరం తెచ్చిన సంకేతానికి కణం అంతగా పలకదు, ఏటీపీ ఖర్చు తగ్గుతుంది. ఈ ఛానెళ్ళు లేని ఎలుకల్ని పరుగెత్తిస్తే వాటి కండర పోగులు దెబ్బతిన్నాయి. చెట్టు మీద చేతులు వణికాయంటే కండరం తనను తాను కాచుకుంటోందన్నమాట. దయచేసి దిగిపోండి.

అపోహ: పని చేస్తే పొటాషియం తగ్గుతుంది, బొండం తాగితే వెంటనే పట్టు వస్తుంది.

వాస్తవం: పని చేస్తున్న కండరం చుట్టూ పొటాషియం పెరుగుతుంది. మామూలుగా లీటరుకు 4 మిల్లీమోల్స్ దగ్గర ఉండేది గట్టి పనిలో 10 దాటుతుంది. కాసేపు ఆగితే కణాల్లోని పంపులు దాన్ని మళ్ళీ లోపలికి తోడేస్తాయి. దాహానికి బొండం మంచిదే, తాగండి. కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం డాక్టరును అడక్కుండా తాగొద్దు.

అపోహ: మర్నాటి ఒళ్ళు నొప్పులకు లాక్టిక్ యాసిడ్ కారణం.

వాస్తవం: అది గంట, రెండు గంటల్లో సర్దుకుంటుంది. నాట్ల మర్నాడు తొడలు పట్టేసేది పోగుల్లో పడ్డ చిన్న చిన్న గాయాల వల్ల.

అపోహ: పొద్దున్నే కాళ్ళు లేవకపోతే అదీ నీరసమే.

వాస్తవం: నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. ఒక కుర్రాడు పగలంతా బస్తాలు మోసి, రాత్రి పెళ్ళిలో కడుపునిండా తిని పడుకున్నాడు. తెల్లారి రెండు కాళ్ళూ కదల్లేదు. మాట బాగానే ఉంది, గిల్లితే తెలుస్తోంది. ఎవరో గ్లూకోజు ఎక్కించారు, దాంతో చేతులు కూడా బరువెక్కాయి. ఇలాంటివాళ్ళకు రక్తంలోని పొటాషియం కండరాల్లోకి వెళ్ళిపోయి అప్పటికే తగ్గి ఉంటుంది. గ్లూకోజుతో ఇన్సులిన్ పెరిగి, రక్తంలో మిగిలిన కాస్త పొటాషియాన్నీ కండరాల్లోకి నెట్టేస్తుంది. ఇలాంటప్పుడు సీసా పెట్టించకండి, 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. పొటాషియం పరీక్ష, ఈసీజీ వెంటనే కావాలి, గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

ఆ కుర్రాడికి ఈసీజీ చూసుకుంటూ పొటాషియం ఇచ్చాం. సాయంత్రానికి మంచం పట్టీ పట్టుకుని లేచి నిలబడ్డాడు. థైరాయిడ్ పరీక్ష కూడా రాసి పంపాను. థైరాయిడ్ ఎక్కువైన కొందరు మగవాళ్ళలో ఇలా కాళ్ళు పడిపోవడం ఉంటుంది.