సికిల్ సెల్: గూడెంలోనే తేలిపోయే రక్తపరీక్ష

పాడేరు, అరకు మన్యంలోనూ, ఉట్నూరు చుట్టుపక్కల గోండు గూడేల్లోనూ సికిల్ సెల్ కొత్త జబ్బు కాదు. కాళ్లూ చేతులూ పీకేసే నొప్పి, పచ్చబడిన కళ్లు, మాటిమాటికీ జ్వరం. దాన్ని 'రక్తం తక్కువ' అనుకుని ఐరన్ మాత్రలిచ్చి పంపేయడమూ కొత్త కాదు. అసలు జబ్బేమిటో తేలాలంటే రక్తం నమూనా కొండ దిగి పెద్ద ల్యాబుకు వెళ్లాలి, రిపోర్టు మళ్లీ కొండెక్కాలి. అది వచ్చేసరికి తల్లి పోడు పనికో, వలసకో వెళ్లిపోయి ఉండొచ్చు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద లోటు ఈ తిరుగు ప్రయాణంలోనే ఉంది.

జబ్బుకు మూలం చాలా చిన్న మార్పు. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వేలైన్ చేరుతుంది. ఆక్సిజన్ తగ్గగానే ఇలాంటి హిమోగ్లోబిన్ (దీన్నే 'ఎస్' అంటారు) ఒకదానికొకటి అతుక్కుని కడ్డీలు కడుతుంది. ఎర్ర రక్తకణం కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఈ మార్పున్న జన్యువు వస్తే జబ్బు. ఒక్కరి నుంచే వచ్చినవాళ్లు క్యారియర్లు, సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. పైగా ప్రాణం తీసే మలేరియా నుంచి వాళ్లకు కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆంథొనీ అల్లిసన్ అనే శాస్త్రవేత్త తూర్పు ఆఫ్రికాలో చూపించాడు. మలేరియా పీడించిన ప్రాంతాల్లో ఈ జన్యువు నిలిచిపోవడానికి కారణం అదే. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం.

అందుకే 'ఎస్ ఉందా' అన్న ఒక్క ప్రశ్న చాలదు, క్యారియరా, జబ్బు మనిషా అన్నది తేలాలి. ఎన్నో ఏళ్లుగా వాడుతున్న సాల్యుబిలిటీ పరీక్ష చవకైనదే. ద్రావణంలో రక్తం కలిపితే, ఎస్ ఉంటే నీరు మసకబారి ట్యూబు వెనక గీతలు కనిపించవు. కానీ ఆ మసక క్యారియర్‌దో, జబ్బు మనిషిదో అది చెప్పలేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచి, ఆ తేడా చెప్పగలిగే హెచ్‌పీఎల్‌సీ యంత్రానికి లక్షల రూపాయలు, నిలకడైన కరెంటు, చేయి తిరిగిన టెక్నీషియన్ కావాలి.

ఈ మధ్య వచ్చిన చిన్న పరికరాలు పూడుస్తున్నది ఈ ఖాళీనే. గజెల్ అనే బ్యాటరీ యంత్రం చేసేది, 1949లో రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ ఈ జబ్బు గుట్టు విప్పిన ఎలక్ట్రోఫోరెసిస్‌నే. విద్యుత్ క్షేత్రంలో ఎస్ కాస్త వెనకబడుతుంది, మామూలు 'ఏ' రకం ముందుకెళ్తుంది. ఆనాడు పెద్ద ల్యాబులో చేసిన పని ఇప్పుడు బల్లమీద పట్టే పెట్టెలో, పది నిమిషాల్లోపే అయిపోతోంది.

అంతకన్నా సులువైనవి కాగితపు పట్టీలు. హీమోటైప్ ఎస్‌సీలో వేలి నుంచి తీసిన చిటికెడు రక్తాన్ని కొన్ని నీటి చుక్కల్లో కలిపి, పట్టీ ముంచి పది నిమిషాలు ఆగాలి. చదవడంలోనే మెలకువ ఉంది. ప్రెగ్నెన్సీ కిట్‌లో గీత పడితే ఉన్నట్టు, ఇక్కడ గీత పడితే ఆ రకం హిమోగ్లోబిన్ లేనట్టు. 'ఎస్' దగ్గర గీత లేక, 'ఏ' దగ్గర గీత పడితే జబ్బు ఉన్నట్టే. రెండు చోట్లా గీత లేకపోతే క్యారియర్. సికిల్ స్కాన్ అనే మరో కిట్‌లో దీనికి సరిగ్గా తలకిందులు: గీత పడితేనే ఉన్నట్టు. ఒక ఏడాది ఒక కిట్టు, మరుసటి ఏడాది ఇంకొకటి సరఫరా అయితే అలవాటుపడిన ఏఎన్ఎం కూడా తడబడే ప్రమాదం ఉంది. కిట్టు మారినప్పుడల్లా శిక్షణ మళ్లీ ఇవ్వాల్సిందే.

పట్టీకి అంతు చిక్కనివీ ఉన్నాయి. ఈమధ్యే రక్తం ఎక్కించిన బిడ్డలో దాత రక్తంలోని 'ఏ' హిమోగ్లోబిన్ కనిపించి, జబ్బు ఉన్నా క్యారియర్‌లా తేలొచ్చు. ఎస్‌తోపాటు బీటా థలసీమియా (హిమోగ్లోబిన్ సరిపడా తయారుకాని మరో వంశపారంపర్య జబ్బు) జన్యువు కలిసినవాళ్లను అది విడదీయలేదు. కాబట్టి ముందు 'ఈ మధ్య రక్తం ఎక్కించారా తల్లీ?' అని అడగడం, తర్వాత అనుమానమున్న నమూనాను హెచ్‌పీఎల్‌సీకి పంపడం తప్పవు.

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా 17 రాష్ట్రాల్లో, 40 ఏళ్లలోపు 7 కోట్ల మందిని పరీక్షించాలని పెట్టుకుంది. పెద్దల పరీక్ష పెళ్లికి ముందు కౌన్సెలింగ్‌కు పనికొస్తుంది. ప్రాణాలు నిలిపేది మాత్రం పసిపిల్లల పరీక్షే. అప్పుడే పుట్టిన బిడ్డ రక్తంలో ఎక్కువ భాగం పిండదశ హిమోగ్లోబినే కాబట్టి అక్కడ సాల్యుబిలిటీ పరీక్షను నమ్మలేం. పట్టీ మాత్రం కొద్దిపాటి ఎస్‌ను కూడా పట్టుకోగలదు. సికిల్ సెల్ పిల్లలకు రోజూ పెన్సిలిన్ ఇస్తే న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్లు 84 శాతం తగ్గాయని 1986లో అమెరికా అధ్యయనం తేల్చింది. మన్యంలో కాన్పులు జరిగే ప్రతి పీహెచ్‌సీలోనూ ఈ పట్టీలు ఉంటే, తల్లి ఇంటికి బయల్దేరేలోపే సంగతి తెలుస్తుంది, రెండో నెల టీకాకు వచ్చేసరికి పెన్సిలిన్ మొదలుపెట్టొచ్చు.