బ్లేడ్ గ్రైండర్‌లో వేస్తే కాఫీ మాడిపోతుందా? అపోహలు - వాస్తవాలు

వైజాగ్‌లో చాలా ఏళ్ళుగా కాఫీ గింజలు వేయించి పొడి కొట్టి అమ్ముతున్నాను. ఈమధ్య పొడి వద్దు గింజలే ఇవ్వండి అనేవాళ్ళు పెరిగారు, నాకు చాలా సంతోషం, కానీ వారం తిరక్కుండానే కొందరు "డికాషన్ చేదొస్తోందండీ, గింజలు మాడ్చేశారేమో" అంటూ వస్తారు. దేంట్లో వేశారమ్మా అంటే చిన్న బ్లేడ్ గ్రైండర్ అంటారు, ఎంతసేపు తిప్పారు అంటే "మెత్తగా అయ్యేదాకా". గొడవంతా అక్కడే ఉంది.

అపోహ: బ్లేడ్ వేడికి కాఫీ మాడుతుంది

ఆ గింజ నా దగ్గర వేగేటప్పుడే దాదాపు 200 డిగ్రీల వేడి చూసొచ్చింది, అరనిమిషం బ్లేడ్ తిరిగితే దానికి ఏమీ కాదు. ఆపకుండా రెండు నిమిషాలు తిప్పితే జార్ వేడెక్కి వాసన తొందరగా పోతుంది, మోటార్‌కీ మంచిది కాదు, అంతవరకు నిజమే. చేదుకి అసలు కారణం మాత్రం పొడి అంతా ఒకే సైజులో లేకపోవడం.

తిరగలి చూసినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. రెండు రాళ్ళ మధ్య సందులోంచి నలిగిన గింజ బయటికి వచ్చేస్తుంది, మళ్ళీ లోపలికి పోదు. బర్ గ్రైండర్ (రెండు పళ్ళ చక్రాల మధ్య గింజని నలిపే మెషీన్) చేసే పని అదే. బ్లేడ్ జార్‌లో అలా కాదు, నలిగింది కూడా లోపలే ఉండి మళ్ళీ మళ్ళీ దెబ్బలు తింటుంది, అడుగున పసుపులా మెత్తటి పొడి, పైన ఇంకా నలగని ముక్కలు. వేడి నీళ్ళు పోస్తే మెత్తటి పొడిలోంచి సారం మొత్తం దిగిపోయి చేదొస్తుంది, ముక్కల్లోంచి సరిగ్గా దిగనే దిగదు. అందుకే ఒకే గ్లాసులో చేదూ ఉంటుంది, పల్చగానూ ఉంటుంది.

అపోహ: ఎంతసేపు తిప్పితే అంత సమానంగా అవుతుంది

ఉల్టా. నేను చెప్పే పద్ధతి ఇది: జార్‌లో సగానికి మించి గింజలు వెయ్యొద్దు, 2-3 సెకన్లు తిప్పండి, ఆపండి, మూత గట్టిగా పట్టుకుని మొత్తం ఎత్తి బాగా కుదపండి, మళ్ళీ తిప్పండి, ఇలా ఎనిమిది పది సార్లు. అడుగున చేరిన పొడి పైకొస్తుంది, ముక్కలు బ్లేడ్ దగ్గరికి పోతాయి. ఓపిక ఉంటే టీ వడపోసే జల్లెడలో జల్లించి పైన మిగిలిన నూక మళ్ళీ వేసుకోండి, ఆ ఒక్క పనికే రుచి ఎంత మారుతుందో మీకే తెలుస్తుంది.

అపోహ: ఫిల్టర్ కాఫీకి ఎంత మెత్తగా ఉంటే అంత చిక్కటి డికాషన్

మా వీధిలో ఒక పిన్నిగారు రాత్రి ఫిల్టర్‌లో వేసిన డికాషన్ తెల్లారినా దిగలేదని వచ్చారు. "పొడి కొంచెం పట్టుకురండి పిన్నిగారూ" అంటే తెచ్చి చూపించారు, వేళ్ళ మధ్య రుద్దితే పౌడర్ డబ్బాలో పౌడర్‌లా ఉంది. పైగా చికోరీ (కాఫీలో కలిపే వేయించిన వేరు పొడి) ఎక్కువేశారు, అది నీళ్ళు పట్టి ఉంచుతుంది, ఇక చిల్లులు మూసుకుపోక ఏమవుతాయి? ఫిల్టర్‌కి టేబుల్ సాల్ట్ కంటే కాస్త మెత్తగా ఉంటే చాలు, ఫ్రెంచ్ ప్రెస్‌కి (పొడిని వేడి నీళ్ళలో నాననిచ్చి జల్లెడతో కిందికి నొక్కే జగ్గు) ఇడ్లీ రవ్వలా బరకగా. చికోరీని కాఫీ గింజలతో పాటు గ్రైండర్‌లో వెయ్యకండి, తర్వాత చెంచాతో కలుపుకోండి.

అపోహ: బర్ గ్రైండర్ కొనకపోతే కాఫీ తాగడమే దండగ

ఫిల్టర్‌కీ ఫ్రెంచ్ ప్రెస్‌కీ పైన చెప్పినట్టు చేస్తే బ్లేడ్‌తో హాయిగా గడిచిపోతుంది. ఎస్ప్రెస్సో మెషీన్ ఉన్నవాళ్ళకి మాత్రం చెప్తున్నా, బ్లేడ్ పనికిరాదు. అక్కడ నీళ్ళు దాదాపు 9 బార్ ప్రెషర్‌తో (మామూలు గాలి ఒత్తిడికి తొమ్మిది రెట్లు) పోతాయి, పొడి ఎక్కడ వదులుగా ఉంటే అక్కడ దారి చేసుకుని జారిపోతాయి.

అరకు వెళ్ళి పచ్చి గింజలు కొని తెచ్చి అలాగే గ్రైండర్‌లో వేసినవాళ్ళూ ఉన్నారు. దయచేసి వెయ్యకండి, పచ్చి గింజ రాయిలా ఉంటుంది, వేయించాకే అది పెళుసవుతుంది.

అపోహ: మసాలాకీ కాఫీకీ ఒకటే జార్, కడిగితే చాలు

ఏలకులు, జీలకర్ర వాసన కడిగినా పోదు, కాఫీ నూనె కూడా జార్‌కి పట్టి కొన్నాళ్ళకి ముక్కవాసన వస్తుంది. వీలైతే వేరే జార్ పెట్టుకోండి. జార్ శుభ్రం చెయ్యడానికి ఒక చెంచా తడిలేని బియ్యం వేసి తిప్పి పారేసి, ప్లగ్ తీసేసి పొడిగుడ్డతో తుడవండి. జార్ ఊడి రాని మోడల్ అయితే కుళాయి కింద అస్సలు పెట్టొద్దు, మోటార్ దాని కిందే ఉంటుంది.

పొడి మూతకి అంటుకుపోయి ఎగురుతోందా, అది రాపిడికి పుట్టే స్టాటిక్ కరెంటు. వేసే ముందు చెంచా వెనక వైపు తడిచేసి గింజల్ని ఒక్కసారి కలపండి, అంతే, ఒక చుక్క తడి చాలు. అమెరికాలో ఓరెగాన్ యూనివర్సిటీ వాళ్ళు 2023లో దీనిమీద పేపరే రాశారు, గింజలో తేమ పెరిగితే స్టాటిక్ తగ్గుతుందని. అలా తడిపిన గింజలు మాత్రం అప్పటికప్పుడు పొడి కొట్టి వాడేసుకోండి, డబ్బాలో దాచొద్దు.