రెండు మేలురకం ఇన్-ఇయర్లను పక్కపక్కన పెట్టి వినేటప్పుడు

చిరంజీవులకు ఆశీస్సులు.

రెండు ఖరీదైన ఇన్-ఇయర్ ఫోన్లు (చెవి రంధ్రంలోకి దూర్చుకునేవి) ముందు పెట్టి "వీటిలో ఏది బాగుంది?" అని అడుగుతున్నారు. జవాబు మీ చెవులే చెప్పాలి. అయితే అవి సరైన జవాబు చెప్పాలంటే ముందు కొంత పని ఉంది. "నేను రెండూ విన్నాను, ఇదే మేలు" అని జనం తేల్చేసే సందర్భాల్లో చాలాసార్లు జరిగేది ఏమిటంటే, ఒకటి కాస్త గట్టిగా మోగి ఉంటుంది, లేదా రెండోది చెవిలో సరిగ్గా కూర్చుని ఉండదు. ఆ రెండూ సరిచేశాక మిగిలిన తేడానే లెక్కలోకి తీసుకోండి.

ధర చూసి ముందే మనసులో తీర్పు రాసుకోకండి. 2017లో యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలు తీసి చూస్తే, వాటి ధరకూ ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కూ (ఏ స్వరాన్ని ఎంత గట్టిగా మోగిస్తాయన్నదానికి) పొంతన కనిపించలేదు. ఎక్కువ డబ్బు పెడితే గట్టి తయారీ, మంచి కేబుల్, చెవికి ఒదిగే ఆకారం దొరకవచ్చు. ధ్వని మాత్రం విని తెలుసుకోవాల్సిందే.

ముందు టిప్స్ సంగతి, అంటే చెవిలోకి దూరే మెత్తని తొడుగుల సంగతి. టిప్‌కీ చెవి గోడకీ మధ్య వెంట్రుకవాసి సందు మిగిలినా కింది బేస్ అక్కడి నుంచి జారిపోతుంది. అప్పుడు "దీనికి బేస్ లేదు, సన్నగా వినిపిస్తోంది" అని ఇయర్‌ఫోన్‌ను తిడతారు. పరీక్ష తేలిక. 40 హెర్ట్జ్ టోన్‌ను చిన్నగా మోగించి, ఒక్కో ఇయర్‌పీస్‌నూ వేలితో నెమ్మదిగా లోపలికి నొక్కండి. నొక్కగానే బేస్ పెరిగితే అక్కడ గాలి పోతున్నట్టే. సిలికాన్ టిప్ అయితే ఒక సైజు పెద్దది వేసి చూడండి. రెండు చెవులకీ ఒకే సైజు పట్టాలని ఏమీ లేదు, కుడికి మధ్య సైజు, ఎడమకి పెద్దది సరిపోయేవాళ్ళు ఎందరో. ఫోమ్ టిప్ అయితే వేళ్ళ మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపల పెట్టి, అది ఉబ్బేదాకా 20, 30 సెకన్లు పట్టుకోవాలి. చాలామంది ఐదు సెకన్లకే చెయ్యి వదిలేస్తారు, ఫోమ్ సగం బయటికి వచ్చేస్తుంది.

టిప్ మారితే ధ్వని కూడా మారుతుంది. ఫోమ్ ట్రెబుల్‌ను, అంటే సన్నని పై స్వరాలను, కొంత మింగేస్తుంది, సన్నని రంధ్రమున్న టిప్ కూడా అంతే. కాబట్టి ఏ ప్రశ్నకి జవాబు వెతుకుతున్నారో ముందే అనుకోండి. "పెట్టెలో వచ్చినవి వచ్చినట్టుగా ఏది బాగుంది?" అన్నది ఒక ప్రశ్న, "ఒకే రకం టిప్స్ వేస్తే ఏది బాగుంది?" అన్నది వేరే ప్రశ్న. ఒకదానికి ఫోమ్, ఒకదానికి సిలికాన్ వేసి, ఆ తేడానంతా డ్రైవర్ల (లోపల శబ్దం పుట్టించే భాగాల) ఖాతాలో రాయడం మాత్రం తప్పు.

ఎంత లోతుగా పెట్టారన్నది ఇంకా ముఖ్యం. పెద్దవాళ్ళ చెవి నాళం సుమారు 25 మిల్లీమీటర్ల పొడవుంటుంది. బయటికి తెరుచుకుని ఉన్నప్పుడు అది 3 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దాన్ని బాగా పెంచుతుంది. ఇన్-ఇయర్ పెట్టి మూసేస్తే ఆ సహజమైన పెంపు పోతుంది. అందుకే తయారీదారులు అదే చోట కావాలనే ఒక మెరక పెడతారు. గ్రాఫ్‌లో 3 కిలోహెర్ట్జ్ దగ్గర కొండ కనిపిస్తే కంగారు పడకండి, అది ఉండాల్సినదే. ఇక టిప్‌కీ కర్ణభేరికీ మధ్య మిగిలిన ఖాళీకి దాని సొంత అనునాదం ఉంటుంది, అంటే ఒక స్వరం దగ్గర శబ్దం దానంతట అదే పెరుగుతుంది. పిల్లనగ్రోవిలో గాలి నిలిచే పొడవు తగ్గితే స్వరం పైకి పోయినట్టే, ఇయర్‌ఫోన్ లోపలికి వెళ్ళే కొద్దీ ఆ అనునాదమూ పైకి జరుగుతుంది. 22 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే అది దాదాపు 8 కిలోహెర్ట్జ్ దగ్గర, 15 మిల్లీమీటర్లే ఉంటే 12 కిలోహెర్ట్జ్‌కి కొంచెం ఇటుగా పడుతుంది. "స" అక్షరం చురుక్కుమనేది 5 నుంచి 9 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో. ఒకే ఇయర్‌ఫోన్ ఒకరికి కరకుగానూ, మరొకరికి మెత్తగానూ వినిపించడానికి ఒక పెద్ద కారణం ఇదే. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, వాళ్ళ చెవుల్లో అది కూర్చున్న చోటు వేరు. 1991లో వచ్చిన ఎటిమోటిక్ ఈఆర్-4 అనే ఇయర్‌ఫోన్ మూడు అంచుల టిప్‌తో బాగా లోపలికి దిగేలా తయారైంది. అలాంటిదాన్ని భయపడి పైపైన పెట్టుకుని వింటే మీరు విన్నది ఈఆర్-4 ధ్వని కానే కాదు.

ఇప్పుడు వాల్యూమ్. అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేది ఇదే. రెంటిలో ఒకటి ఒక డెసిబెల్ ఎక్కువ మోగినా మనకి "గట్టిగా ఉంది" అనిపించదు, "స్పష్టంగా ఉంది, నిండుగా ఉంది" అనిపిస్తుంది. మన చెవి తక్కువ వాల్యూమ్‌లో బేస్‌నీ, బాగా పైనున్న ట్రెబుల్‌నీ తక్కువగా వింటుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. వాల్యూమ్ పెంచితే ఆ రెండు కొసలూ లేచి వస్తాయి. అంటే వాల్యూమ్ సమం చేయకుండా టోన్ గురించి తీర్పు చెప్పడం కుదరదు.

వాల్యూమ్ బొమ్మలో ఒకే గీత దగ్గర పెడితే సమమైనట్టు కాదు. పెట్టె మీది అంకె కూడా తికమక పెడుతుంది. రెండు ఇయర్‌ఫోన్ల మీదా ఒక మిల్లీవాట్‌కి 105 డెసిబెల్స్ అనే రాసి ఉండి, ఒకదాని ఇంపిడెన్స్ (విద్యుత్తుకు అది ఇచ్చే అడ్డు) 16 ఓమ్స్, రెండోదానిది 64 ఓమ్స్ అనుకోండి. ఫోను ఇచ్చేది దాదాపు ఒకే వోల్టేజి. ఆ వోల్టేజికి 16 ఓమ్స్‌ది నాలుగు రెట్ల పవర్ తీసుకుంటుంది, 6 డెసిబెల్స్ ఎక్కువ మోగుతుంది. అంకె ఒకటే, తేడా కొండంత.

సమం చేయడానికి ఇంట్లో కుదిరే పద్ధతి చెబుతాను. 7, 8 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న మెత్తని సిలికాన్ గొట్టం 25 మిల్లీమీటర్ల ముక్క కోయండి. ఒక కొసలో ఇయర్‌ఫోన్ టిప్ బిగించి, రెండో కొసను ఇంకో ఫోను మైకు రంధ్రం మీద ఆనించి, చుట్టూ అంటుకునే మెత్తని ముద్ద పెట్టి మూయండి. మోగించే ఫోను వేరు, కొలిచే ఫోను వేరు అని మరిచిపోవద్దు. 500 హెర్ట్జ్ టోన్ మోగించి కొలిచే యాప్‌లో అంకె చూడండి. ఆ అంకె నిజమైన డెసిబెల్స్ కాదు, పోల్చడానికి మాత్రమే పనికొస్తుంది. కొలిచే ఫోను నిజాయితీగా ఉందో లేదో తేల్చాలంటే మోగించే వైపు 3 డెసిబెల్స్ పెంచండి. అంకె కూడా 3 పెరగాలి. పెరగకపోతే ఆ ఫోను మైకు తనంతట తానే శబ్దాన్ని సర్దేస్తోందన్నమాట, దాన్ని వదిలి వేరే యాప్ చూడండి. తర్వాత ఎక్కువ మోగేదాన్ని తగ్గించండి. ఫోను వాల్యూమ్ మెట్లు మరీ పెద్దవి, అందుకని ప్లేయర్‌లోని ఈక్వలైజర్ (టోన్ సర్దే సాధనం) ప్రీయాంప్‌తో, అంటే మొత్తం శబ్దాన్ని పెంచే తగ్గించే మీటతో, అర డెసిబెల్ లోపు తేడాకి తేవాలి. చివరగా ఒక గొంతు పాట పెట్టి, గాయకుడి గొంతు రెంటిలో ఒకే ఎత్తులో ఉందో లేదో చెవితో సరిచూసుకోండి. 500 హెర్ట్జ్ దగ్గరే ఏ ఇయర్‌ఫోన్‌కైనా మెరకో పల్లమో ఉంటే అది ఇక్కడ బయటపడుతుంది.

ఎంత గట్టిగా వినాలి? పక్కన మామూలుగా మాట్లాడితే మాట వినపడేంత. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు పెద్దవాళ్ళకి వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్, పిల్లలకి 75. ప్రతి 3 డెసిబెల్స్‌కీ గంటలు సగమైపోతాయి: 83కి 20 గంటలు, 86కి 10. మంచి ఇన్-ఇయర్లలో ఓ ప్రమాదం ఉంది. వక్రీకరణ తక్కువ కాబట్టి ఎంత పెంచినా చెవికి గుచ్చుకోదు, ఎంత గట్టిగా వింటున్నామో తెలియదు.

ఏ ఫోనుకో డాంగిల్‌కో (ఫోనుకు తగిలించే చిన్న ఆడియో అడాప్టర్) తగిలిస్తున్నామన్నది కూడా పోలికను పాడుచేయగలదు, ముఖ్యంగా చాలా బ్యాలన్స్‌డ్ ఆర్మేచర్లు (ఒక రకం చిన్న డ్రైవర్లు) ఉన్న వాటి విషయంలో. వాటి ఇంపిడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకేలా ఉండదు. బేస్‌లో 30 ఓమ్స్, ట్రెబుల్‌లో 6 ఓమ్స్ ఉందనుకోండి. మీ యాంప్ (ఫోనులోనో డాంగిల్‌లోనో ఉండి ఇయర్‌ఫోన్‌ను నడిపే భాగం) అవుట్‌పుట్ ఇంపిడెన్స్ 10 ఓమ్స్ అయితే బేస్ రెండున్నర డెసిబెల్స్ తగ్గుతుంది, ట్రెబుల్ ఎనిమిదిన్నర తగ్గుతుంది. అంటే ట్రెబుల్ 6 డెసిబెల్స్ వెనకబడిపోయింది. అదే ఒక ఓమ్ ఉన్న డాంగిల్ అయితే ఆ తేడా ఒక డెసిబెల్‌కి దిగుతుంది. డైనమిక్ డ్రైవర్ ఒక్కటే ఉన్నవాటికీ, ప్లేనార్లకీ (పలచని పొరతో మోగే రకం) ఇంపిడెన్స్ ఇంచుమించు సమంగా ఉంటుంది కాబట్టి ఈ బాధ తక్కువ. కేబుల్ గురించి కూడా ఇంతే చెప్పాలి. కేబుల్ నిరోధం ఆ అవుట్‌పుట్ ఇంపిడెన్స్‌కి కలుస్తుంది, అంతకు మించి అందులో మంత్రం లేదు. వెండి తీగ "తియ్యగా" ఉంటుందన్న మాటను నేనైతే పట్టించుకోను.

ఇక వినడం. ఈక్వలైజర్ టోన్ మార్పులు, త్రీడీ ఎఫెక్టులు తీసేయండి. ఫైలు రెంటికీ ఒకటే ఉండాలి. టోన్ జ్ఞాపకం కొద్ది సెకన్లలోనే కరిగిపోతుంది కాబట్టి పాట మొత్తం ఒకదాంట్లో, మొత్తం ఇంకోదాంట్లో వినడం వల్ల ఏమీ తేలదు. 15 సెకన్ల ముక్క తీసుకుని, రెండూ నాలుగైదుసార్లు మార్చి మార్చి వినండి. మార్చిన ప్రతిసారీ ఇందాకటి 40 హెర్ట్జ్ పరీక్ష చేయాలి. విసుగే, కానీ దాన్ని మానేస్తే మిగతా శ్రమ వృథా.

ముక్క ఎంపికలో తెలివి ఉండాలి. తంబురా శ్రుతి ఒక్కటే ఉన్న చోటు పెడితే, మీటిన తర్వాత పై స్వరాంశాలు ఎలా విచ్చుకుంటున్నాయో వినిపిస్తుంది. ట్రెబుల్‌లో గొయ్యి ఉన్న ఇయర్‌ఫోన్‌లో ఆ ఝుంకారం మూగబోతుంది. మృదంగం ఎడమ వైపు దెబ్బ బేస్‌కి మంచి పరీక్ష. దెబ్బ పడి, గుమ్మని సాగి, ఆగిపోవాలి, తర్వాతి దెబ్బ మీదికి పాకకూడదు. పాకుతోందంటే సాధారణంగా 100 నుంచి 250 హెర్ట్జ్ మధ్య లావు ఎక్కువైంది. ఆడగొంతులో "స, శ, ష" ఉన్న చరణం ఒకటి, జనం చప్పట్లు ఒకటి ఉంచుకోండి. ఎడమ కుడి సరిసమానమో కాదో చూడటానికి మోనో రికార్డింగ్ పెట్టండి. గొంతు నడినెత్తిన నిలబడాలి, పక్కకి లాగకూడదు.

లాగితే వెంటనే డ్రైవర్ పోయిందనకండి. ముందు నాజిల్ (టిప్ తొడిగే గొట్టం) జాలీ వెలుతురులో చూడండి. చెవి గులిమి కొంచెం పట్టినా ఆ వైపు ట్రెబుల్ పడిపోతుంది. నాజిల్‌ను నేలవైపు వంచి, పొడి మెత్తని బ్రష్‌తో తుడవండి. పైకి పెట్టి తుడిస్తే మురికి లోపలికే పోతుంది. పిన్నుతో గుచ్చడం, నీళ్ళతో కడగడం, నోటితో ఊదడం, ఏదీ వద్దు.

"డీటెయిల్ ఎక్కువ" అన్న మాట రాయాలనిపించినప్పుడు కలం ఆపి, ఆ డీటెయిల్ ఏ శబ్దంలో వినిపించిందో రాయండి. శ్వాసలోనా? తీగ మీద వేలు జారడంలోనా? తాళాల్లోనా? ఈ మూడూ పైభాగంలోనివే అయితే మీకు నచ్చింది డీటెయిల్ కాకపోవచ్చు, 6 లేదా 8 కిలోహెర్ట్జ్ దగ్గరి మెరక కావచ్చు. మొదటి పది నిమిషాల్లో అది అబ్బురంగా ఉంటుంది, గంట దాటితే చెవి అలిసిపోతుంది. అందుకే మార్చి మార్చి వినడం అయ్యాక ఒక్కోదాన్ని రెండు రోజుల పాటు విడివిడిగా వినండి. డ్రైవర్ల సంఖ్యను మాత్రం మార్కుల్లా లెక్కపెట్టకండి. పన్నెండు ఆర్మేచర్లను క్రాసోవర్‌తో (ఏ స్వరాలు ఏ డ్రైవర్‌కి వెళ్ళాలో పంచే సర్క్యూట్‌తో) సరిగ్గా కలపడం కష్టమైన విద్య. అది కుదరని చోట ఒక్క మంచి డైనమిక్ డ్రైవరే నయం.

గ్రాఫులు చూడండి, కాని ఎక్కడిదాకా నమ్మాలో తెలుసుకుని చూడండి. వాటిని ఎక్కువగా ఐఈసీ 60318-4 అనే ప్రమాణం ప్రకారం చేసిన కృత్రిమ చెవితో తీస్తారు. 711 కప్లర్ అనేది దాని పాత పేరే. 8 కిలోహెర్ట్జ్ దాటాక అందులో కనిపించే శిఖరాల్లో ఆ కృత్రిమ చెవి గొట్టం అనునాదం కలిసి ఉంటుంది, మీ చెవిలో అవి అక్కడే ఉండవు. హర్మన్ కంపెనీలో షాన్ ఆలివ్ అనే పరిశోధకుడి బృందం తయారుచేసిన హర్మన్ టార్గెట్ అనే నమూనా గ్రాఫ్ ఎందరో శ్రోతల ఇష్టాల నుంచి తీసిన సగటు. దానికి దగ్గరగా ఉంటే చాలామందికి నచ్చే అవకాశం ఉంది. మీకు ఆ బేస్ ఎక్కువనిపిస్తే మీ అభిరుచిలో లోపమేమీ లేదు.

కళ్ళు మూసుకుని రెండు ఇన్-ఇయర్లు పోల్చడం నిజానికి కుదరదు, చెవిలో పెట్టగానే స్పర్శ ఏది ఏదో చెప్పేస్తుంది. ఆలివ్ బృందం దీనికో ఉపాయం వాడింది: ఒకే ఇయర్‌ఫోన్‌ను ఈక్వలైజర్‌తో రకరకాల మోడళ్ళలా మోగించి వినిపించింది. మీరూ ఆ దారిన వెళ్ళవచ్చు. ఒకే కప్లర్ మీద తీసిన గ్రాఫులు రెండు తీసుకుని, పారామెట్రిక్ ఈక్వలైజర్‌తో (కోరిన ఫ్రీక్వెన్సీ దగ్గరే సర్దగలిగేది) మొదటిదాన్ని రెండోదానిలా 8 కిలోహెర్ట్జ్ దాకా మార్చండి. ఎక్కడ ఎక్కువగా పెంచారో అంత మేరా ప్రీయాంప్ తగ్గించాలి, లేదంటే శబ్దం చిట్లుతుంది. వాల్యూమ్ మళ్ళీ సమం చేశాక స్నేహితుడిని ఈక్వలైజర్ వేస్తూ తీస్తూ ఉండమని, మీరు చూడకుండా ఏది ఏదో చెప్పండి. పదిసార్లలో తొమ్మిది సరిగ్గా చెబితే అది గుడ్డి అదృష్టమయ్యే అవకాశం నూటికి ఒకటి. ఎనిమిదే అయితే నూటికి ఐదు పైచిలుకు, ఇంకో పదిసార్లు చేయాలి. తర్వాత ఈక్వలైజర్ వేసిన మొదటిదాన్ని అసలు రెండోదానితో పోల్చండి. ఇంతకుముందు మీరు రాసుకున్న తేడాల్లో ఏవి మాయమయ్యాయో వాటికి కారణం టోనే. మాయం కానివి ఉంటే వాటి పక్కన ఆ రోజు వాడిన టిప్ సైజు, ఎంత లోతుగా పెట్టిందీ రాసి, ఇంకో టిప్‌తో మళ్ళీ వినండి.

ఇట్లు,
మీ పెదనాన్న