ఎండకు అలవాటు: ఏటా మళ్లీ మొదటి నుంచీ

"ఎండలు మాకు కొత్తా?" మే నెలలో రెంటచింతలలోనైనా రామగుండంలోనైనా ఎవరిని కదిలించినా వినబడే మాట ఇది. అందులో కొంత నిజముంది. మనిషి ఒళ్లు వేడికి బాగానే అలవాటు పడుతుంది, అదీ పది పద్నాలుగు రోజుల్లోనే. చిక్కు ఎక్కడంటే, ఆ అలవాటు ఊరికో వంశానికో రాసిపెట్టి ఉండదు. ఒక్కో మనిషీ ఒక్కో వేసవిలో విడిగా సంపాదించుకోవాలి. వాడుకలో లేకపోతే నెల తిరక్కుండానే పోతుంది కూడా. పనిచోట వడదెబ్బతో పోయినవాళ్ల గురించి అమెరికా కార్మిక భద్రతా విభాగం చెప్పే లెక్క ఇది: దాదాపు సగం మంది పనిలోకి దిగిన మొదటి రోజే చనిపోయారు, 70 శాతానికి పైగా మొదటి వారంలోనే. ఆ వారం గడిచాక కూడా ఎండ అదే ఎండ. మారింది మనుషుల ఒళ్లు.

ఈ సంగతి గట్టిగా తెలిసిన చోటు ఎడారి అనుకుంటాం గానీ, తెలిసింది భూమి లోపల. దక్షిణాఫ్రికాలో జొహన్నెస్‌బర్గ్ చుట్టూ ఉన్న విట్‌వాటర్స్‌రాండ్ బంగారు గనులు 1920ల నాటికి బాగా లోతుకు దిగాయి. లోతుకు పోయేకొద్దీ రాయి వేడెక్కుతుంది. రాతి ధూళి కూలీల ఊపిరితిత్తులను తినేస్తోందని, అది లేవకుండా నీళ్లు చల్లడం అప్పటికే అలవాటు చేశారు. దాంతో వేడికి తేమ తోడైంది. ధూళి నుంచి తప్పించుకున్నవాళ్లు వడదెబ్బకు పడిపోసాగారు. 1930ల్లో డ్రియోస్టి అనే గని వైద్యుడు కొత్త కూలీలను నేరుగా లోతుకు దించడం మాన్పించాడు. ముందు వేడి గదిలో పని చేయించి ఎవరు తట్టుకుంటున్నారో చూసేవాడు. తర్వాత సుమారు రెండు వారాలపాటు తేలిక పనితో మొదలుపెట్టి మెల్లగా బరువు పెంచేవాడు. 1960ల నాటికి విండమ్, స్ట్రైడమ్ అనే పరిశోధకులు ఈ తర్ఫీదును గని పైనే ఆవిరి నింపిన గదుల్లోకి మార్చారు. రోజుకు 4 గంటలు, 8 రోజులు, తాళం ప్రకారం దిమ్మ ఎక్కడం, దిగడం. ఆ ఎనిమిది రోజులూ అయ్యాకే లోతైన సొరంగంలో పని.

కూలీల మీద ప్రేమతో చేసిన పని కాదిది. బంగారం తవ్వకం ఆగకూడదు, అంతే. ఆ గదుల్లో దిమ్మలెక్కిన నల్లజాతి వలస కూలీలకు వద్దనే స్వేచ్ఛ ఏపాటిదో ఊహించుకోవచ్చు. ఒళ్లు వేడికి ఎలా అలవాటు పడుతుందో చెప్పే శాస్త్రంలో పెద్ద వాటా వాళ్ల ఒంటి మీద కొలిచి రాసుకున్నదే.

అసలు ఒళ్లు ఏం మార్చుకుంటుంది? ముందు చిన్న లెక్క చూద్దాం. 60 కిలోల మనిషి బరువు పని చేస్తుంటే ఒంట్లో సుమారు 350 వాట్ల వేడి పుడుతుంది. అది బయటికి పోయే దారి లేకపోతే పది నిమిషాలకో డిగ్రీ చొప్పున ఒంటి వేడి పెరుగుతుంది. 37 నుంచి 40కి చేరడానికి అరగంట చాలు. ఎండలో చర్మం సుమారు 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి అంతకంటే చల్లగా ఉంటే కొంత వేడిని అది తీసుకుపోతుంది. గాలే 42 డిగ్రీలుంటే అది తీసుకుపోకపోగా ఎదురు ఇస్తుంది. అప్పుడు మిగిలేది చెమట ఆరడమొక్కటే. లీటరు చెమట పూర్తిగా ఆరితే సుమారు 580 కిలోక్యాలరీల వేడి పోతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేది కూడా ఈ లెక్క ప్రకారమే. ముసురు పట్టిన రోజున కుండనీళ్లు చల్లబడవు. విశాఖ ఉక్కపోతలో కారిపోయే చెమటా అంతే, ఆరనిది వృథా.

మొదటి రోజు ఎండలో పనికి దిగినవాడి గుండె ఇద్దరు యజమానుల మధ్య నలుగుతుంది. కండరాలు రక్తం అడుగుతాయి. వేడిని పైకి తెచ్చి వదిలిపెట్టాలి కాబట్టి చర్మమూ అడుగుతుంది. చెమట పట్టేకొద్దీ ఉన్న రక్తంలోనే నీరు తగ్గుతుంటుంది. గుండె వేగం పెంచి ఇద్దరినీ సమాధానపరచబోతుంది, చాలకపోతే తల తిరుగుతుంది, కళ్లు బైర్లు కమ్ముతాయి. అందుకే ఒళ్లు మొదట సరిచేసుకునేది రక్తాన్నే. మూడు నాలుగు రోజుల్లో ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, పది శాతం అటూ ఇటూగా పెరుగుతుంది. ఆ వారం చివరికల్లా అదే పనికి అదే ఎండలో గుండె నిమిషానికి పదిహేను ఇరవైసార్లు తక్కువ కొట్టుకుంటుంది. "నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది" అని మేస్త్రీలు అనేది ఈ దశ గురించే. నిజంగానే సర్దుకుంటుంది, ఆ నాలుగు రోజులూ నిలబడగలిగితే.

చెమట మారడానికి ఇంకాస్త సమయం పడుతుంది. రెండో వారం నాటికి ఒళ్లు పెద్దగా వేడెక్కకముందే చెమట మొదలవుతుంది, మునుపటికంటే ఎక్కువగా పడుతుంది. దాని రుచీ మారుతుంది. ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్ చెమట గ్రంథుల్లో ఉప్పును వెనక్కి లాగిస్తుంది కాబట్టి అలవాటు పడ్డవాడి చెమట పలచన. కొత్తవాడి చొక్కా మీద తెల్లటి చారలు ఎక్కువగా కట్టడానికి ఇదో కారణం. 1932 వేసవిలో అమెరికాలో హూవర్ డ్యామ్ కడుతున్నప్పుడు, అంతకు ముందు ఏడాది ఎండకు కూలీలు చనిపోవడంతో, హార్వర్డ్ నుంచి డేవిడ్ బ్రూస్ డిల్ బృందం బౌల్డర్ సిటీకి వెళ్లి కొలిచినవాటిలో చెమటలోని ఈ ఉప్పు కూడా ఉంది.

కణాల లోపల జరిగే మార్పు ఇంకా విచిత్రం. 1962లో ఫెరుచియో రిటోసా అనే ఇటలీ శాస్త్రవేత్త ఈగల క్రోమోజోములు పరిశీలిస్తుంటే, పక్కవాళ్లెవరో ఇంక్యుబేటర్ వేడి పెంచేశారు. క్రోమోజోముల మీద కొత్త చోట్ల ఉబ్బులు కనిపించాయి. అంతదాకా ఊరుకున్న జన్యువులు వేడి తగలగానే పనిలోకి దిగాయన్నమాట. అవి తయారుచేసేవి వేడికి రూపం చెడిన ప్రొటీన్లను మళ్లీ గాడిలో పెట్టే ప్రొటీన్లని తర్వాత తేలింది. వేడికి అలవాటు పడిన మన కణాల్లోనూ ఇవి ముందే నిల్వ ఉంటాయి. ఎండ పడ్డాక వెతుక్కోవలసిన అవసరం తగ్గుతుంది.

ఇదంతా నీడలో కూర్చుంటే వచ్చేది కాదు. ఒంటి లోపలి వేడి రోజుకు గంటో గంటన్నరో ఒక డిగ్రీ పెరిగి ఉండాలి, చెమట బాగా పట్టాలి, అలా వరసగా కొన్ని రోజులు సాగాలి. వారమంతా ఏసీ ఆఫీసులో ఉండి ఏప్రిల్ ఆదివారం మధ్యాహ్నం క్రికెట్‌కి దిగే కుర్రాడు పుట్టింది ఖమ్మంలోనే కావచ్చు. అతని ప్లాస్మాకు మాత్రం ఆ రోజే మొదటి రోజు. ఎండకు దూరమైతే అలవాటు వారంలోనే సన్నగిల్లుతుంది, మూడు నాలుగు వారాల్లో దాదాపు మొదటికొస్తుంది. రెండోసారి సంపాదించడం మాత్రం మొదటిసారంత ఆలస్యం కాదు. వేసవి మొదట్లో వచ్చే వడగాడ్పులు చివర్లో వచ్చేవాటికంటే ఎక్కువ మందిని బలితీసుకుంటాయని ఎన్నో దేశాల్లో గమనించారు. కారణాల్లో ఇదొకటి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం. శరీరశాస్త్రం అడిగితే మాత్రం మార్చి ఆఖర్లో హఠాత్తుగా మండే నాలుగు రోజులను చూసి ఎక్కువ భయపడమంటుంది.

ఏసీ గురించి ఒక మాట. 2008 వేసవిలో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో మాధవి ఇంద్రగంటి చేసిన అధ్యయనంలో జనం హాయిగా ఉందన్న ఉష్ణోగ్రత సుమారు 29 డిగ్రీలు. 26 నుంచి 32 దాటేదాకా ఫర్వాలేదన్నారు. అప్పటి జాతీయ భవన నిబంధనల ప్రకారమైతే 23 నుంచి 26 డిగ్రీలుండాలి. ఫ్యాను, పలచటి నూలుబట్ట, మధ్యాహ్నం కిటికీ మూసి సాయంత్రం తెరవడం, ఇవన్నీ కలిసి తెచ్చిన హాయి అది. 2020 నుంచి మన దేశంలో అమ్మే గది ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని నియమం పెట్టారు. హైదరాబాద్ జనం చెప్పినదాన్నిబట్టి అదీ చలే. అయితే హాయిగా ఉండటం వేరు, తట్టుకోవడం వేరు. 30 డిగ్రీల ఇంట్లో ఫ్యాను కింద సుఖంగా నిద్రపోయేవాడికి 43 డిగ్రీల ఎండలో పార పట్టే శక్తి దానంతటది రాదు.

నీళ్ల దగ్గర అలవాటు ఏమీ చేయలేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కాలిఫోర్నియా ఎడారిలో సైనికుల మీద ఎడ్వర్డ్ అడాల్ఫ్ బృందం పరీక్షలు చేసింది. తక్కువ నీళ్లతో సరిపెట్టుకోవడం నేర్పవచ్చని అప్పట్లో నమ్మేవాళ్లు చాలామంది ఉండేవారు. అది కుదరదని తేలింది. పైగా అలవాటు పడ్డవాడు ఎక్కువ చెమటోడుస్తాడు కాబట్టి వాడికే ఎక్కువ నీళ్లు కావాలి. దాహం తీరేదాకా తాగినా పోయిన నీరంతా వెంటనే తిరిగి రాదని కూడా అడాల్ఫ్ చూపించాడు. కోల్పోయిన దాంట్లో కొంత భోజనం వేళ దాకా అప్పుగానే ఉంటుంది. ఇక ఉప్పు సంగతి 1923లోనే ఇంగ్లండ్ బొగ్గుగనుల్లో నెవిల్ మాస్ తేల్చాడు. చెమటోడ్చి ఉత్త నీళ్లే తాగినవాళ్లకు కండరాలు కొంకర్లు పోయేవి, ఉప్పు కలిపిన నీళ్లు తాగితే తగ్గేవి. ఉప్పేసిన మజ్జిగ, గంజి, అంబలి, చద్దన్నంలో పెట్టుకునే ఆవకాయ బద్ద చేసేది ఇదే. జేబులో ఉల్లిపాయ వేసుకెళ్లేవాళ్లను నేను వారించను గానీ, జేబులో ఉన్న ఉల్లిపాయ చెమట పట్టించదు, పోయిన ఉప్పూ తేదు. మజ్జిగలో నంజుకుంటే కాస్త నయం.

తరతరాలుగా ఇక్కడే ఉన్నాం కదా, దానికేమీ విలువ లేదా? కొంత ఉంది. జపాన్ శాస్త్రవేత్త యాస్ కూనో లెక్క ప్రకారం, పనిచేసే చెమట గ్రంథులెన్నో పుట్టిన మొదటి రెండేళ్లలో తేలిపోతుంది. వేడి దేశంలో పెరిగిన పసివాళ్లకు అవి ఎక్కువ, తల్లిదండ్రులు చలిదేశం వాళ్లైనా సరే. ఆ అంకెల మీద తర్వాత వాదనలు జరిగాయి. ఇంకో సంగతి అంతకంటే ఆసక్తికరం. రెండు వారాల అలవాటు చెమటను పెంచుతుంది కదా, జీవితమంతా ఉష్ణమండలంలో ఉన్నవాళ్లు మాత్రం అదే వేడికి ఆలస్యంగా, తక్కువగా చెమటోడుస్తారు. థాయ్‌లాండ్ వాళ్లనూ జపాన్ వాళ్లనూ పక్కపక్కన పరీక్షించినప్పుడు ఇది కనిపించింది. సమశీతోష్ణ దేశాల నుంచి వచ్చి ఉష్ణమండలంలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలోనూ చెమట మెల్లగా తగ్గింది. నీరు, ఉప్పు పొదుపు చేసే పద్ధతి ఇది. నిత్యజీవితానికి బాగా పనికొస్తుంది. మండుటెండలో బరువు పనికి మాత్రం ఆ రెండు వారాల తర్ఫీదు తప్పదు, పుట్టిందెక్కడైనా.

తర్ఫీదుకూ హద్దుంది. గాలిలో తేమనూ వేడినీ కలిపి చెప్పే తడి ఉష్ణోగ్రత (థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి చూసేది) 35 డిగ్రీలకు చేరితే, నీడలో బట్టల్లేకుండా ఊరికే కూర్చున్నవాడి ఒళ్లు కూడా చల్లబడలేదు. 2010లో లెక్కగట్టి చెప్పిన హద్దు అది. 2022లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆరోగ్యవంతులైన యువతీయువకులను పరీక్షిస్తే అసలు హద్దు ఇంకా కింద, 31 దరిదాపుల్లో ఉంది. వయసు మీదపడినవాళ్లకు ఇంకా తక్కువ. షుగరు ముదిరితే చెమట సరిగ్గా పట్టదు. నీరు తీసే మాత్రలు, కొన్ని బీపీ మందులు, నిద్రపట్టించే రకం అలర్జీ మందులు ఏదో ఒకవైపు నుంచి ఈ యంత్రాంగానికి అడ్డుపడతాయి. ఆఖరికి వీపు నిండా చెమటకాయలు పేలినా గ్రంథుల నోళ్లు మూసుకుపోయి కొన్ని వారాలు తట్టుకునే శక్తి తగ్గుతుంది. 2015లో వడగాడ్పులు ముదిరింది మే నెల రెండో సగంలో, అంటే అప్పటికి ఎండలో తిరిగేవాళ్లకు అలవాటయ్యే ఉండాలి. అయినా ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి వెయ్యిమందికి పైగా పోయారు. "మాకు అలవాటే" అనే ధీమా అక్కడ ఎవరినీ కాపాడలేదు.

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లకు ఇదంతా కూటి ప్రశ్న. ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు పగలు 10 నుంచి 3:30 దాకా ఆరుబయట పని నిషేధం. ఎండ, తేమ, గాలి కలిపి కొలిచే సూచీ 32.1 దాటితే ఏ వేళైనా పని ఆపాలని 2021లో చేర్చారు. మంచి నియమాలే. కానీ అవి గడియారాన్ని, గాలిని చూస్తాయి, మనిషిని చూడవు. ఇంటికొచ్చి రెండు నెలలుండి జూన్‌లో తిరిగెళ్లినవాడు ఆ సైటులో కొత్తవాడితో సమానం. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ సలహా ఇలా ఉంటుంది: కొత్తవాళ్లకు మొదటి రోజు ఎండలో ఐదోవంతు పని, రోజుకు ఐదోవంతు చొప్పున పెంపు. సెలవు నుంచి వచ్చిన పాతవాళ్లకు వరసగా 50, 60, 80, 100 శాతం.

మన ఉపాధి హామీ పనుల్లో వేసవి భత్యం పేరుతో కొలతలో 20 నుంచి 30 శాతం దాకా సడలింపు ఇచ్చిన సంవత్సరాలున్నాయి, తక్కువ తవ్వినా పూర్తి కూలి పడేలా. ఆ సడలింపు నెలను బట్టి మారేది. మార్చి నుంచీ గుంట తవ్వుతున్నవాడికీ, పట్నంలో పని పోయి మేలో ఊరికొచ్చి మొదటిసారి గడ్డపార పట్టినవాడికీ కొలత ఒకటే. గుంపుగా కొలిచే పనుల్లో మాత్రం మేట్, అంటే పని దగ్గరుండి చూసుకునే మనిషి, తలుచుకుంటే, ఏ ఉత్తర్వూ లేకుండానే, కొత్తగా వచ్చినవాళ్లను మొదటి నాలుగైదు రోజులు పొద్దున ఎనిమిదిన్నరకే గడ్డపార దించేయమని చెప్పి చెట్టు కిందికి పంపేయవచ్చు. ఆ కాస్త మట్టినీ మిగతావాళ్లు సర్దుకోవలసి వస్తుంది. ఎందుకు సర్దుకోవాలో వాళ్లకు చెప్పడమే కష్టం.