ఏకాహం వంతులు, బంతి భోజనాలు: హిందువుల ఐక్యతపై అపోహలు - వాస్తవాలు

పల్నాడు ఊళ్లలో భజన నేర్పడం నా పని. పిల్లలకు తాళం పట్టడం చెబుతాను, ఏకాహాలకు, అంటే రాత్రీపగలూ ఆగని నామ భజనలకు, వంతులు రాస్తాను, ధనుర్మాసంలో తెల్లవారుజామున నగర సంకీర్తన నడిపిస్తాను. హిందువులంతా ఒక్కటి కావాలన్న మాట ఏ సభకు వెళ్లినా వినపడుతుంది. మంచి మాటే, కాదనను. అయితే దాని వెంట కొన్ని అపోహలు కూడా ఊళ్లోకి వస్తున్నాయి. భజన గుడి అరుగు మీద కూర్చుంటే అవి బాగా కనబడతాయి.

అపోహ: అందరూ ఒకే దేవుణ్ణి ఒకే పద్ధతిలో కొలిస్తేనే ఐక్యత.

వాస్తవం: తిరుమల కొండ మీద స్వామికి వైఖానస ఆగమం, కొండ కింద తిరుచానూరులో అమ్మవారికి పాంచరాత్రం. ఆలుమగల గుళ్లలోనే పూజా విధానాలు వేరు. దానివల్ల ఆ సంసారానికి ఇన్ని వందల ఏళ్లలో వచ్చిన ఇబ్బందేమీ లేదు! పదమూడో శతాబ్దంలో శైవులకూ వైష్ణవులకూ పడని రోజుల్లో తిక్కన ఎవరినీ ఎటూ లాగలేదు. భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చి, తొలి పద్యంలోనే ‘విష్ణురూపాయ నమశ్శివాయ’ అనిపించాడు. అన్నమయ్య అంతకంటే సులువుగా తేల్చాడు: వైష్ణవులు విష్ణువంటారు, శైవులు శివుడంటారు, ఎవరెంత తలిస్తే స్వామి అంతే.

భజనలో మేం చేసేదీ ఇదే. ముందు వినాయకుడు, ఆ తర్వాత ఎవరి ఇష్టదైవం పాట వాళ్లు ఎత్తుకుంటారు, పల్లవి మాత్రం అందరూ అందుకోవాలి. నీ పాట నువ్వు పాడుకో, నా పాటకు వంత పాడు. ఇంతకు మించి సిద్ధాంతం మా మండలికి అవసరం పడలేదు.

అపోహ: జాతరలు, గ్రామదేవతలు అసలైన ధర్మం కాదు. వాటిని సంస్కరిస్తేనే అందరం ఒకటవుతాం.

వాస్తవం: తిరుపతి గంగమ్మ వెంకన్నకు చెల్లెలు. ఏటా జాతరకు తిరుమల తిరుపతి దేవస్థానం నుంచి ఆమెకు పుట్టింటి సారె వెళుతుంది. శ్రీకాళహస్తి బ్రహ్మోత్సవాల్లో మొదటి ధ్వజారోహణం కన్నప్ప కొండ మీదే, స్వామివారి ధ్వజం ఆ తర్వాత. మాంసం నైవేద్యం పెట్టిన వేటగాడికి దక్కిన మొదటి మర్యాద అది. ఇంత పెద్ద దేవస్థానాలే చెల్లెలికీ, వేటగాడికీ జాగా ఇచ్చాయి. మన ఊరి పోలేరమ్మకు మంత్రాలు రావని తక్కువ చేసే అధికారం మనకు ఎవరిచ్చారు?

రెండేళ్లకోసారి జరిగే మేడారం జాతరలో విగ్రహం ఉండదు, పూజారులు కోయలు, నిలువెత్తు బెల్లమే బంగారం. అక్కడికెళ్లి దండం పెట్టుకుని రావాలి. వాళ్ల పూజను మన పద్ధతికి మార్చబోతే దాన్ని ఐక్యత అనరు, ఆక్రమణ అంటారు.

అపోహ: కులం ఊసెత్తకపోతే కులం పోతుంది. భక్తిలో ఎటూ తేడాల్లేవు కదా!

వాస్తవం: నేను ఎక్కువగా వినేది ఈ మాటే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. భక్తిలో తేడాల్లేకపోవచ్చు, భజనలో ఉంటాయి. నమ్మకపోతే మీ ఊరి ఏకాహానికి రండి.

ఇరవై నాలుగు గంటలు నామం ఆగకూడదు. దీపం చుట్టూ జట్టు తర్వాత జట్టు తిరుగుతూ పాడాలి. వంతుల కాగితం తీసి చూడండి. సాయంత్రం జనం నిండుగా ఉన్నప్పుడు ఏ బజారు జట్టు? రాత్రి రెండు గంటలకు, గుళ్లో నిద్ర ఆపుకుంటున్న ముగ్గురు ముసలివాళ్లు తప్ప ఎవరూ లేనప్పుడు ఏ దళితపేట జట్టు? ఏటా అదే వరస అయితే అది యాదృచ్ఛికం కాదు. తీర్థం ఇచ్చేటప్పుడు ఉద్ధరిణి కొందరి అరచేతికి ఆనేంత దగ్గరగా, కొందరికి జానెడు పైనుంచి ఉంటుంది. ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. కానీ చేయి చాచినవాడికి ఆ జానెడూ తెలుస్తుంది.

అన్నదానం దగ్గర ఈ తేడా ఇంకా తేలిగ్గా కనబడుతుంది. అందరూ ఒకే బంతిలో కూర్చున్నారా అని అందరూ చూస్తారు. గరిటె ఎవరి చేతిలో ఉంది, పొయ్యి దగ్గర ఎవరున్నారు అని నేను చూస్తాను. కలిసి తినడం ఈ రోజుల్లో ఏ హోటల్లోనైనా జరుగుతుంది. పేటవాళ్లు వండి వడ్డించినది ఊరంతా తిన్న రోజున మాట్లాడుకుందాం.

ఇదేదో నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. మా పల్నాట్లోనే బ్రహ్మనాయుడు చాపకూడు, అంటే అన్ని కులాలవాళ్లూ ఒకే చాప మీద కూర్చుని తినే భోజనం, పెట్టాడు, మాల కన్నమదాసును కొడుకులా చూసుకున్నాడని వీరగాథలు చెబుతాయి. కార్తీక అమావాస్య నాడు మొదలయ్యే కారంపూడి వీరుల ఉత్సవాల్లో మందపోరు రోజున ఇప్పటికీ చాపకూడు జరుపుతారు. అయ్యప్ప మాల వేసుకున్న నలభై ఒక్క రోజులూ ఎవరైనా ‘స్వామీ’ అనే పిలుస్తాం, సన్నిధానంలో పక్కపక్కనే పడుకుంటాం. మాల తీసిన మర్నాడు ఆ స్వామినే ఏమని పిలుస్తున్నాం, ఒరే అనా? మాటలు కోటలు దాటతాయి, కాలు గడప దాటదు అన్నది మన గురించే.

చట్టం సంగతీ చెప్పాలి. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణంలో రద్దు చేసింది. హిందూ ఆలయాలను అన్ని వర్గాల హిందువులకూ తెరిచే అధికారం 25వ అధికరణంలోనే ఉంది. కాబట్టి గుడిలోకి రానివ్వడం ఎవరూ చేసే ఉపకారం కాదు. చట్టం గుడి తలుపు తెరిపించగలదు. వంతుల కాగితాన్ని మాత్రం మనమే తిరగరాయాలి. నేను చేసే పని చిన్నది: జట్ల పేర్లు చీటీల మీద రాసి, గిన్నెలో వేసి, చిన్నపిల్లతో తీయిస్తాను. రామాలయం పెద్దల జట్టుకు రాత్రి రెండు గంటల వంతు పడ్డప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి! గొణుక్కున్నా వస్తారు. అందరి ముందూ తీసిన చీటీని కాదనడం కష్టం.

అపోహ: పక్క మతంవాళ్ల భయం చూపిస్తేనే మనవాళ్లు కలుస్తారు.

వాస్తవం: భయంతో చేరిన గుంపు జెండాలు దింపగానే ఎవరి బజారుకు వాళ్లు పోతుంది. అలాంటి ఊరేగింపులో పక్కపక్కన నడిచినవాళ్లు మర్నాడు టీ కొట్టు దగ్గర వేర్వేరు బల్లల మీద కూర్చోవడం మామూలే. పోతులూరి వీరబ్రహ్మంగారి ముఖ్య శిష్యుల్లో ముస్లిం అయిన దూదేకుల సిద్ధయ్య ఉన్నాడు, మాదిగ కక్కయ్య ఉన్నాడు. ఆ గురువును తలచుకుంటూ ఎవరినో తిట్టే పాట నా హార్మోనియం మీద వాయించను. దీని మీద ఇంతకంటే వాదించను కూడా.

అపోహ: ఊళ్లో రెండు రామాలయాలున్నాయంటే ఐక్యత లేనట్టే. ఒకటి ఎత్తేయాలి.

వాస్తవం: ఊరి రామాలయం, పేట రామాలయం మా వైపు చాలాచోట్ల ఉన్నాయి. పేటవాళ్లు కూలి డబ్బులు కూడబెట్టి కట్టుకున్నది ఆ గుడి. ఎందుకు కట్టుకోవలసి వచ్చిందో ఊరికి తెలుసు. ఇప్పుడు కలిసిపోదాం రండి, మీది మూసేయండి అంటే అది పిలుపు కాదు, రెండో దెబ్బ. రెండూ ఉండనివ్వండి. మార్చాల్సింది రాకపోకలు. నవమి కల్యాణానికి ఈ గుడి తలంబ్రాలు ఆ గుడికి, ఆ గుడివి ఈ గుడికి పంపవచ్చు. శనివారం భజన ఒక వారం ఇక్కడ, ఒక వారం అక్కడ. కదలాల్సింది ముందు ఊరివాళ్లే, పేటవాళ్లు ఎప్పటినుంచో ఇటు వస్తూనే ఉన్నారు.

దేవుడు జనం దగ్గరికి కదలడం మనకు కొత్తేమీ కాదు. అహోబిలం నరసింహస్వామి సంక్రాంతి తర్వాత పార్వేటకు, అంటే వేట ఉత్సవానికి, బయల్దేరి, నెల దాటి ఊరూరా పల్లకీలో తిరిగి, బ్రహ్మోత్సవాలకు జనాన్ని తానే పిలుస్తాడు. తిరుమల తిరుపతి దేవస్థానం 2007లో దళిత గోవిందం పేరుతో శ్రీనివాస కల్యాణాన్ని దళితవాడలకు తీసుకెళ్లింది. అంత దూరం నుంచి రాగలిగిన స్వామి, మన ఊరేగింపులో మాత్రం కాలవ కట్ట దగ్గరికి రాగానే వెనక్కి తిరుగుతాడు. అడిగితే ఆనవాయితీ అంటారు, లేదా సందు ఇరుకు, రథం పట్టదు అంటారు. అందుకే నవమికి పది రోజుల ముందే ఊరేగింపు దారి కాగితం మీద రాయించి, రెండు గుళ్ల పెద్దల చేతా సంతకాలు పెట్టిస్తాను. రథం పట్టకపోతే ట్రాక్టరు తొట్టి కడిగి, మామిడాకులు కట్టి, స్వామిని అందులో కూర్చోబెట్టండి. కోతలప్పుడు వడ్ల బస్తాల కోసం ఆ సందులోకి ఆ ట్రాక్టరు ఎన్నిసార్లు పోలేదు?