పిల్లల క్యాన్సర్: అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో పిల్లల వైద్యం చేసే నా దగ్గరికి ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి కూడా కుటుంబాలు వస్తుంటాయి. క్యాన్సర్ వచ్చిన పిల్లల విషయంలో జబ్బు చేసే నష్టం ఒక ఎత్తయితే, ఆలస్యంగా రావడం, వైద్యం మధ్యలో మానేయడం మరో ఎత్తు. ఈ రెండింటికీ దారితీసే మాటలు కొన్ని ఊళ్లలో బలంగా పాతుకుపోయి ఉన్నాయి.

అపోహ: చిన్నపిల్లలకు క్యాన్సర్ రాదు, వస్తే ఇక బతకరు.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 19 ఏళ్ల లోపు వారిలో ఏటా సుమారు 4 లక్షల మందికి క్యాన్సర్ వస్తోంది. సంపన్న దేశాల్లో వారిలో 80 శాతానికి పైగా కోలుకుంటుండగా, అనేక పేద, మధ్యాదాయ దేశాల్లో 30 శాతం కూడా దక్కడం లేదు. సకాలంలో గుర్తించకపోవడం, మందులు అందకపోవడం, చికిత్స పూర్తికాకపోవడం ఇందుకు ప్రధాన కారణాలు.

అపోహ: తల్లి గ్రహణం చూడడం వల్లనో, దిష్టి తగలడం వల్లనో వచ్చింది.

వాస్తవం: తల్లి చేసిన ఏ పనీ దీనికి కారణం కాదు. అత్తవారింట్లో ఈ మాట పడిన తల్లులు మా గదిలో తల ఎత్తి మాట్లాడలేరు. అందుకే ఈ విషయం తండ్రికీ నాయనమ్మకూ కూడా విడిగా చెబుతాను. వంశపారంపర్య కారణాలు దాదాపు పది శాతం మందిలోనే కనిపిస్తాయి. రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్‌లో మాత్రం ఆ పాత్ర ఎక్కువ కనుక తోబుట్టువుల కళ్లు కూడా చూపించాలి. ఇది అంటువ్యాధి కాదు, కంచం వేరు చేయనక్కర్లేదు.

అపోహ: జ్వరానికీ కాళ్ల నొప్పులకూ ఊళ్లో ఒక ఇంజెక్షన్ వేయిస్తే సరిపోతుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువగా నన్ను కలవరపెట్టేది ఇదే. అలా వేసే సూదుల్లో తరచుగా స్టెరాయిడ్ ఉంటుంది. లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, కణాలు స్టెరాయిడ్‌కు కొంతకాలం లొంగుతాయి కాబట్టి జ్వరం దిగుతుంది, నొప్పి తగ్గుతుంది, బిడ్డ ఆడుకుంటాడు. ఇంట్లో వాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. కొన్ని వారాలకు జబ్బు తిరగబెట్టినప్పుడు రక్త పరీక్షలోనూ మూలుగ పరీక్షలోనూ అసలు రూపం మసకబారి కనిపిస్తుంది, నిర్ధారణ ఆలస్యమవుతుంది. రెండు వారాలు దాటిన జ్వరం, పాలిపోయిన ముఖం, దెబ్బ తగలని చోట కమిలిన మచ్చలు, రాత్రి నిద్రలేపే ఎముకల నొప్పి, స్నానం చేయించేటప్పుడు పొట్టలో చేతికి తగిలే గడ్డ, ఫోన్ ఫ్లాష్‌తో తీసిన ఫోటోలో తెల్లగా మెరిసే కంటిపాప, తెల్లవారుజామున తలనొప్పితో వాంతులు: వీటిలో ఏది కనిపించినా సూదికి ముందు రక్త పరీక్షో స్కానింగో జరగాలి.

అపోహ: వెన్నులో సూది వేస్తే కాళ్లు పడిపోతాయి.

వాస్తవం: వెన్నుపాము ముగిసే చోటుకు దిగువన ఆ సూదిని గుచ్చుతారు. నరం ద్వారా ఇచ్చే మందుల్లో చాలావరకు మెదడుకు సరిగా చేరవు కనుక, అక్కడ దాగే లుకేమియా కణాల కోసం వెన్ను నీటిలోకే మందు ఎక్కించాల్సి వస్తుంది.

అపోహ: జుట్టు మళ్లీ వచ్చింది, బడికి వెళ్తానంటున్నాడు, ఇక మందులు చాలు.

వాస్తవం: లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రకం రక్త క్యాన్సర్‌లో మొదటి నెల చికిత్సకే చాలామంది పిల్లల మూలుగ పరీక్షలో జబ్బు కనిపించకుండా పోతుంది. అయినా సూక్ష్మదర్శినికి చిక్కని క్యాన్సర్ కణాలు కోట్ల సంఖ్యలో మిగిలి ఉండగలవు కాబట్టే చికిత్స మొత్తం రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. పత్తి ఏరే రోజులు రాగానే కొన్ని కుటుంబాలు ఆగిపోతాయి. కూలి పోతుందన్న వారి బాధ నిజమైనదే. చికిత్స చివరి దశలో మెర్‌కాప్టోప్యూరిన్ మాత్ర రోజూ, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకోవాలి. వారపు మాత్రను పొరపాటున రోజూ వేస్తే ప్రాణాపాయం. అందుకే గోడ మీది క్యాలెండర్‌లో ఆ మాత్ర వేయాల్సిన రోజుకు ఎర్ర సున్నా చుట్టించి పంపుతాను.

అపోహ: కీమో జరుగుతుండగా జ్వరం వస్తే మాత్ర వేసి తెల్లారే దాకా చూడవచ్చు.

వాస్తవం: చూడకూడదు. తెల్లకణాలు తగ్గిన బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం అత్యవసర పరిస్థితి. ముందు వైద్యం చేస్తున్న డాక్టర్‌కు ఫోన్ చేయాలి. హైదరాబాద్ బయలుదేరేలోపు వరంగల్‌లోనే పెద్దాసుపత్రిలో నరం ద్వారా మొదటి యాంటీబయాటిక్ పడాలి. రక్తం గడ్డకట్టేందుకు తోడ్పడే ప్లేట్‌లెట్లు తక్కువగా ఉండవచ్చు కాబట్టి తుంటికి సూది వేయించవద్దు. పథ్యం పేరుతో గుడ్డు, మాంసం మాన్పించడమూ సరికాదు. బాగా ఉడికించి వేడిగా పెడితే చాలు.

అపోహ: ఆస్తులు అమ్మితే తప్ప ఈ వైద్యం సాగదు.

వాస్తవం: ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు, హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఉంది. కానీ దారి ఖర్చులు, పోయిన కూలి, అమ్మమ్మ దగ్గర వదిలిన రెండో బిడ్డ ఏ పథకంలోకీ రావు. రైలు ఛార్జీలో రోగికీ తోడు వచ్చే ఒకరికీ రాయితీ ఉంది. ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రంతో కాజీపేటలో టికెట్ తీసుకునేటప్పుడు అడగాలి.

అపోహ: పరిశోధన అంటే మన పిల్లల మీద ప్రయోగాలు.

వాస్తవం: పైన చెప్పిన మెథోట్రెక్సేట్‌కు ముందు తరం మందు అమినోప్టెరిన్‌ను తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, దానితో లుకేమియా పిల్లల్లో తాత్కాలికంగానైనా జబ్బు తగ్గిందని అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. నేటి అధ్యయనాలు నైతిక సంఘం అనుమతితో, తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారంతో జరుగుతాయి. వద్దంటే మామూలు చికిత్స ఆగదు.

అపోహ: డబ్బు ఇవ్వలేని వాళ్లు చేయగలిగేది ఏమీ లేదు.

వాస్తవం: ప్లేట్‌లెట్లు 5 రోజులకు మించి నిల్వ ఉండవు. నాయకుల పుట్టినరోజున శిబిరంలో ఒక్కసారే ఊరంతా రక్తమిచ్చి, తర్వాత నెలల తరబడి ఎవరూ అటు చూడకపోతే వార్డులోని బిడ్డకు అది చాలదు. పురుషులు 90 రోజులకు, మహిళలు 120 రోజులకు ఒకసారి రక్తమివ్వవచ్చు కనుక, ఊళ్లోని యువజన సంఘం వారం వారం ఇద్దరు ముగ్గురి చొప్పున వంతులు రాసుకుని, ఆ జాబితాను రక్తనిధికీ బిడ్డ తండ్రికీ ఇచ్చి ఉంచడం మేలు.