'రెస్పెక్ట్' డబ్బులు ఎవరివి? అరీతా వెనక పాడినవారి కథ

అమెరికాలో ఎఫ్‌ఎం స్టేషన్ ఒక పాట వేస్తే ఆ పాట రాసినవారికి, దాని ప్రచురణ హక్కులున్న సంస్థకు రాయల్టీ వెళుతుంది. పాడినవారికి చిల్లిగవ్వ రాదు. ఈ పద్ధతి మార్చాలంటూ 2021లో అమెరికన్ మ్యూజిక్ ఫెయిర్‌నెస్ యాక్ట్ పేరుతో ఒక బిల్లు వచ్చింది, ఆగిపోయింది. 2023లో మళ్లీ వచ్చింది, మళ్లీ ఆగింది. 2025లో మూడోసారి అమెరికా కాంగ్రెస్ ముందుకు రావడంతో పాత తగాదా తిరిగి రాజుకుంది. బిల్లు పైకి తేలినప్పుడల్లా దాన్ని సమర్థించేవారు చెప్పే ఉదాహరణ ఒకటే: అమెరికన్ గాయని అరీతా ఫ్రాంక్లిన్ పాడిన 'రెస్పెక్ట్'. ఆ పాట రాసింది గాయకుడు ఓటిస్ రెడ్డింగ్. అమెరికా రేడియోల్లో అది 70 లక్షల సార్లకు పైగా మోగిందని అంచనా. మోగిన ప్రతిసారీ డబ్బు రెడ్డింగ్ వైపు వెళ్లింది. 2018 ఆగస్టు 16న కన్నుమూసేదాకా అరీతాకు ఆ ఖాతాలో అందింది సున్నా.

ఉదాహరణ బలమైనదే. కానీ అందులో ఇద్దరే కనిపిస్తారు, రాసిన మగవాడు, పాడిన మహారాణి. ఆ రికార్డులో అరీతా పక్కన నిలబడి పాడినవారు ఇంకా ఉన్నారు. బిల్లులో వారి కోసం ఒక వాటా ఉంది. దాని గురించి పత్రికల్లో వచ్చేది అరుదు. ఈ కథనం ఆ వాటా గురించే.

డెట్రాయిట్‌లో ప్రసంగాలతో పేరుపడిన పాస్టరు తండ్రి, చర్చిలో పెరిగిన బాల్యం, కొలంబియా రికార్డు కంపెనీలో గుర్తింపు రాని ఆరేళ్లు, అట్లాంటిక్‌కు మారిన వైనం ఆమె మరణం తర్వాత అందరూ రాశారు. నేరుగా 1967 ఫిబ్రవరి 14కు వెళదాం. న్యూయార్క్, అట్లాంటిక్ స్టూడియో. అరీతా పియానో ముందు కూర్చున్నారు. కోరస్ మైకు దగ్గర ఆమె అక్క ఎర్మా, చెల్లెలు క్యారొలిన్.

1965లో రెడ్డింగ్ పాడిన మూలం విన్నవారికి తేడా వెంటనే తెలుస్తుంది. అది రోజంతా కష్టపడి ఇంటికొచ్చిన మగవాడు భార్యను అడిగే పాట. 'ఆర్-ఇ-ఎస్-పి-ఇ-సి-టి' అని అక్షరాలు విడదీసి పలకడం అందులో లేదు. మధ్యలో సాక్సఫోన్ ఘట్టం లేదు. అరీతా రికార్డులో దాన్ని కింగ్ కర్టిస్ వాయించాడు, కింద నడిచే స్వరాలను వేరే పాట నుంచి తెచ్చుకున్నారు. అన్నిటికన్నా ముఖ్యంగా, మూలంలో బదులు పలికే ఆడగొంతులు లేవు. అరీతా ఒక మాట అని ఆపిన చోట అక్కాచెల్లెళ్లు అందుకుంటారు. కాస్తంత చాలునంటూ మొదట మెల్లగా వత్తాసు పలుకుతారు. తర్వాత అరీతా ముద్దుపేరు 'రీ'ని పాట పేరులోని మొదటి శబ్దంతో కలిపి వడివడిగా దంచుతారు. అక్షరాలు విడదీసే చోట వాద్యాలన్నీ ఒక్క క్షణం ఆగుతాయి. ఆ వెంటనే 'సాక్ ఇట్ టు మీ' అన్న మాట ఆపకుండా, ఊపిరి తీసుకునే చోటు కూడా లేదన్నట్టు వచ్చి పడుతుంది. అడుగుతున్నది ఒక్క స్త్రీ కాదని వినేవారికి అర్థమయ్యేది అక్కడే.

అరీతా గొంతు బలం గురించి మాట్లాడేవారు పైస్థాయి స్వరాల దగ్గర ఆగిపోతారు. నాకు ఆమెలో పెద్ద విద్యగా తోచేది చోటు వదలడం. వాక్యం చివర అర్ధక్షణం ముందే తప్పుకొని వెనకవారికి దారి ఇస్తారు. వారు పలికిన దాని మీద ఎక్కి తర్వాతి మాట అందుకుంటారు. బుర్రకథలో వంతలు లేకుండా కథకుడిని ఊహించుకోండి. 'ఆ తర్వాత ఏమైంది' అని నిలదీసేవారు లేకపోతే కథ ఎంతమేరకు కదులుతుంది? నల్లజాతి చర్చిల్లో పాస్టరు పలుకుకు సభ బదులిచ్చే ఆచారంలో ముగ్గురూ పెరిగారు. స్టూడియోలో దాన్ని వారికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఆ 'సాక్ ఇట్ టు మీ' ఎక్కడిది? డెట్రాయిట్ పడమటి వైపు చిన్న అపార్ట్‌మెంటులో, కిటికీ పక్కన పియానో దగ్గర కూర్చుని, తనూ క్యారొలినూ కలిసి అనుకున్నామని అరీతా తర్వాతి కాలంలో చెప్పారు. అప్పట్లో అమ్మాయిల నోట ఆడే మాటట. రికార్డింగుకు వచ్చేసరికే పాట రూపు అక్కాచెల్లెళ్ల చేతుల్లో మారిపోయి ఉంది. జూన్ నాటికి అది అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది, రెండు వారాలు అక్కడే నిలిచింది. రెడ్డింగ్ కూర్పు 35వ స్థానం దాటలేదు. నా పాటను ఒక అమ్మాయి ఎత్తుకుపోయిందని ఆ వేసవిలో ఆయనే వేదిక మీద సరదాగా అన్నాడు. ఆ డిసెంబరులోనే విమాన ప్రమాదంలో పోయాడు. ఆయన కుటుంబానికి వచ్చిన రాయల్టీని ఎవరూ తప్పుపట్టలేరు. ప్రశ్న మిగతావారి గురించి.

ఈ కథలో మలుపు 'రెస్పెక్ట్' దగ్గర ఉందని చాలామంది అంటారు. అదే ఏడాది సెప్టెంబరులో విడుదలైన మరో పాటలో ఉందని నా అభిప్రాయం. అట్లాంటిక్ నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ ఒకరోజు న్యూయార్క్ వీధిలో కారు ఆపి, కనిపించిన గీత రచయిత జెరీ గాఫిన్‌ను కేకేసి, అరీతాకు 'నేచురల్ ఉమన్' అన్న మాట మీద ఒక పాట కావాలన్నాడు. గాఫిన్, ఆయన భార్య క్యారొల్ కింగ్ ఆ రాత్రే కూర్చుని రాశారు. పాట పుట్టింది, చరిత్రలో నిలిచింది. ఆ మాట అందించినందుకు కృతజ్ఞతగా భార్యాభర్తలు వెక్స్‌లర్ పేరును కూడా రచయితల్లో చేర్చారు. ఈనాటికీ ఆ పాట ముగ్గురి పేరు మీద ఉంది. రేడియోలో మోగితే మూడో వాటా కూడా కదులుతుంది.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కారు కిటికీలోంచి విసిరిన ఒక మాట రచన అయింది. పియానో దగ్గర అక్కాచెల్లెళ్లు అల్లి, ఒక మగవాడి విన్నపాన్ని ఆడవాళ్ల గర్జనగా మార్చిన పల్లవి రచన కాలేదు. న్యాయంగా చెప్పాలంటే చట్టంలో దీనికి సమాధానం ఉంది. అప్పటికే విడుదలైన పాటను కొత్తగా పాడేవారు ఎన్ని మార్పులు చేసినా, యజమాని ఒప్పుకుంటే తప్ప అందులో వారికి హక్కు పుట్టదు. 'రెస్పెక్ట్' పాతది, 'నేచురల్ ఉమన్' కొత్తది. వెక్స్‌లర్‌కు దక్కింది రచయితలు ఇష్టంతో ఇచ్చిన కానుక. సరే. కానీ కానుకలు నిర్మాతల వైపే నడుస్తాయన్నదీ, కోరస్ మైకు దగ్గరికి రావన్నదీ ఆ ఏడాదే స్థిరపడిపోయింది. తర్వాత వచ్చిన చట్టాలు ఆ అలవాటుకు అంకెలు వేశాయి, అంతే.

క్యారొలిన్ విషయంలో ఇంకో ముడి ఉంది. 1968 ఆరంభంలో వచ్చిన 'ఎయింట్ నో వే' ఆమె స్వయంగా రాసిన పాట. అక్కడ ఆమె రచయిత్రి, కాబట్టి రేడియో డబ్బు ఆమెకు వస్తుంది. వెనక గొంతు కలిపిన 'రెస్పెక్ట్'లో రాలేదు, రాసిన దీనిలో వచ్చింది. అయితే ఈ పాటను ఒక్కసారి విన్నవారికి గుర్తుండిపోయే రెండో గొంతు ఆమెది కాదు, సిసీ హ్యూస్టన్‌ది.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినాల్సిన పాట ఇది. అరీతా కింద నెమ్మదిగా, బతిమాలుతున్నట్టు మొదలుపెడతారు. పై నుంచి మాటలు లేని సన్నని స్వరం ఒకటి సాగుతుంది, ఒపేరా గాయని దారి తప్పి సోల్ పాటలోకి వచ్చిందా అనిపించేంత ఎత్తులో. అరీతా గొంతు పెంచుతున్నకొద్దీ అది ఇంకా పైకి పోతుంది. ఒక దశలో ఇద్దరిలో ఎవరు ఎవరికి తోడు పాడుతున్నారో చెప్పలేం. అరీతా అంతటి గొంతు పక్కన నలిగిపోకుండా నిలబడటమే గొప్ప. సిసీ నిలబడటమే కాదు, పాట కప్పును ఒక అంతస్తు పైకి లేపారు. రేడియోలో ఆ పాట వస్తే సిసీకి ఎంత? అరీతాకు ఎంతో అంతే. సున్నా.

సిసీ అనామకురాలు కాదు. న్యూజెర్సీలోని నెవార్క్‌లో కుటుంబ భక్తిగీతాల బృందంలో పెరిగారు. గాయని డియాన్ వార్విక్‌కు పిన్ని, తర్వాతి కాలంలో విట్నీ హ్యూస్టన్‌కు తల్లి. మిర్నా స్మిత్, ఎస్టెల్ బ్రౌన్, సిల్వియా షెమ్‌వెల్‌లతో కలిసి ఆమె నడిపిన 'స్వీట్ ఇన్‌స్పిరేషన్స్' 1960ల చివర్లో న్యూయార్క్ స్టూడియోల్లో అందరికీ కావలసిన కోరస్. వాన్ మోరిసన్‌కు పాడారు, జిమీ హెండ్రిక్స్‌కు పాడారు, 1969 నుంచి లాస్ వేగస్ వేదికల మీద ఎల్విస్ ప్రెస్లీ వెనక నిలబడ్డారు. 1968లో సొంత పాటతో తొలి ఇరవై స్థానాల్లోకి వచ్చారు కూడా. కానీ ఇతరుల రికార్డుల మీద వారి సంపాదన పూట లెక్కన వచ్చే స్టూడియో కూలి. పాడారు, సంతకం పెట్టారు, వెళ్లారు. అరీతా సింగిల్స్ (ఒక్కో పాటగా విడుదలైన రికార్డులు) లేబుల్ మీద ప్రముఖంగా కనిపించేది ఆమె పేరే. దాని ఫలితం యాభై ఏళ్ల తర్వాత తెలిసింది.

చట్టం సంగతి క్లుప్తంగా. రికార్డు చేసిన ధ్వనికి అమెరికాలో ఫెడరల్ కాపీరైట్ వచ్చింది 1972 ఫిబ్రవరి 15 నుంచి. అంతకు ముందు రికార్డయినవి ఆ గీతకు అవతలే. అరీతా గొప్ప రికార్డుల్లో చాలా భాగం అటే పడ్డాయి. లాస్ ఏంజెలెస్ చర్చిలో నిండు గాయకబృందంతో ఆమె పాడిన 'అమేజింగ్ గ్రేస్' అదే ఏడాది జనవరి 13, 14 తేదీల్లో రికార్డయింది, గీతకు దాదాపు నెల ముందు. గీతకు ఇవతల ఉన్నవాటికి కూడా రేడియో ప్రసారం మీద హక్కు ఇవ్వలేదు. 1995లో డిజిటల్ ప్రసారాలకు మాత్రం ఇచ్చారు. ఆ డబ్బు పంపకం ఇలా సాగుతుంది: వంద డాలర్లలో 50 రికార్డు యజమానికి, 45 ప్రధాన గాయకులకు, రెండున్నర వెనక పాడినవారికి, రెండున్నర వాద్యకారులకు. కొత్త బిల్లు ఎఫ్‌ఎంకు కూడా ఇదే పంపకం తెస్తుంది.

1972కు ముందు పాటలను ఉపగ్రహ రేడియోలు ఊరికే వాడుకుంటున్నాయని కోర్టు కేసులు నడుస్తున్న సమయంలో, 2014లో, డెట్రాయిట్ ప్రతినిధి జాన్ కానియర్స్ మరొక సభ్యుడితో కలిసి ఆ పాటలకూ డబ్బు చెల్లించాలంటూ ఒక బిల్లు పెట్టారు. పొడి అక్షరాలు కలిపితే 'రెస్పెక్ట్' అని వచ్చేలా దానికి పేరు కుట్టారు. పాట పేరు వాడుకోవడంలో అందరూ ముందుంటారు. ఆ బిల్లు నెగ్గలేదు. దాని సారం 2018 అక్టోబరు 11న సంతకమైన మ్యూజిక్ మోడర్నైజేషన్ యాక్ట్‌లో చేరింది. అప్పటికి అరీతా పోయి రెండు నెలలు కూడా కాలేదు.

రేడియో యజమానుల వాదన ఏమిటంటే: మేం ఉచితంగా ప్రచారం ఇస్తున్నాం, దానివల్ల రికార్డులు అమ్ముడవుతాయి, కచేరీలు నిండుతాయి. దీన్ని వారు 'ప్రదర్శన పన్ను' అంటారు. చిన్న ఊళ్ల స్టేషన్లు మూతపడతాయంటారు. ఏడాదికి 15 లక్షల డాలర్ల లోపు ఆదాయమున్న చిన్న స్టేషన్లు 500 డాలర్లు కడితే చాలని బిల్లులోనే ఉంది. ఇక ప్రచారం మాట: ఆ ప్రచారంతో అరీతాకు కచేరీలు వచ్చాయి, నిజమే. లేబుల్ మీద పేరే లేని ఎర్మాకు ఏ ప్రచారం దక్కింది? దీనికి వారి దగ్గర జవాబు నాకు కనిపించలేదు.

అరీతాకు డబ్బు విషయం బాగా తెలుసు. పాడకముందే పారితోషికం చేతికి రావాలని పట్టుబట్టేవారు. 2015 డిసెంబరులో కెన్నెడీ సెంటర్ వేదిక మీద, క్యారొల్ కింగ్ సన్మానంలో, 73 ఏళ్ల వయసులో 'నేచురల్ ఉమన్' పాడటానికి వచ్చినప్పుడు చేతిసంచితోనే వచ్చి పియానో మీద పెట్టుకున్నారు. చివరి చరణంలో లేచి నిలబడి బొచ్చుకోటు జారవిడిచిన క్షణం గురించే అందరూ మాట్లాడతారు. నేను ఆ సంచిని చూస్తాను.

ఇది ఎక్కడో అమెరికా గొడవ అనుకోనక్కర్లేదు. మన దేశంలో 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి గాయకులకు రాయల్టీ హక్కు ఇచ్చారు. మంచి పని. అదే సవరణలో ఒక మెలిక ఉంది: సినిమాలో ఎవరి పాత్ర యాదృచ్ఛికమైనదో, దాంతోపాటు టైటిల్స్‌లోనూ ఎవరి పేరు ఉండదో, వారిని ప్రదర్శకులుగా లెక్కించరు, నైతిక హక్కు (తమ ప్రదర్శనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు) ఒకటి తప్ప. రేడియోలో 'ఘంటసాల, సుశీల, బృందం' అని విన్నవాళ్లం మనం. ఆ బృందంలో ఎవరెవరున్నారో చెప్పిన ప్రకటన ఎప్పుడైనా విన్నారా? కోరస్ వారిది యాదృచ్ఛికమైన పాత్రా కాదా అని వాదించుకోవచ్చు. కానీ పేరు లేకపోవడమే ఆ వాదనకు తొలి దెబ్బ.

అమెరికాలోనూ చిక్కు అక్కడే. వెనక పాడినవారి వాటా గాయకుల, వాద్యకారుల సంఘాలు కలిసి నడిపే నిధికి చేరుతుంది. ఆ నిధి ప్రతి రికార్డులో ఎవరు పాడారో తేల్చుకుని పంచాలి. 1967 నాటి స్టూడియో కాగితాలు, పాతవారి జ్ఞాపకాలు, ఆల్బమ్ అట్టలు ఇందుకు ఆధారం. 'చెయిన్ ఆఫ్ ఫూల్స్' తీసుకోండి. అక్కాచెల్లెళ్లు, స్వీట్ ఇన్‌స్పిరేషన్స్ కాక, పూర్తయిన రికార్డు విని ఇంకో వరస తోచిందన్నందుకు గీత రచయిత్రి ఎలీ గ్రీనిచ్‌ను కూడా స్టూడియోకు తీసుకెళ్లి ఆమె గొంతూ కలిపారు. రెండున్నర శాతాన్ని అందరికీ పంచాలి.

పంచుకోవలసినవారు దాదాపు వెళ్లిపోయారు. క్యారొలిన్ 1988లో, ఎర్మా 2002లో, సిసీ 2024 అక్టోబరులో 91 ఏళ్ల వయసులో. ఇప్పుడు వాటా అడగవలసింది వారసులు. బిల్లును 2022 డిసెంబరులో ప్రతినిధుల సభకు చెందిన జ్యుడీషియరీ కమిటీ ఒకసారి ఆమోదించింది, అప్పుడు సభ ఓటు దాకా రాలేదు. ఈసారి నెగ్గినా, ఎఫ్‌ఎంలో 'ఎయింట్ నో వే' మోగినప్పుడు సిసీ వారసులకు అందేది ఆ రెండున్నరలో ఒక భాగం, అదీ నిధి జాబితాలో ఆ పాట ఎదురుగా ఆమె పేరు ఉంటేనే.